పది రెక్కల నడుమ ఎడం

పోయిన వారం మనం వర్షిత చేత స్విచ్చు మీద వేలు పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులూ ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది! ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి, రెండు ముక్కలు చెప్పి ఆ వేలితో నొక్కిద్దాం.

వర్షిత విమానం ఇంజన్లు గీసే ఇంజనీరు. ఇంజను చుట్టూ డొప్ప లేకుండా రెక్కలు బయటికే తిరిగేటట్టు చేస్తే అయిదింట ఒక వంతు ఇంధనం మిగులుతుందని వాళ్ల కంపెనీ లెక్క. ముందు వరసలో పన్నెండు రెక్కలు ఒక దిక్కుకు, వెనక వరసలో పది రెక్కలు దానికి ఎదురు దిక్కుకు తిరుగుతాయి. అంతా బాగానే ఉంది కానీ ఆ డొప్ప లేకపోవడంతో చప్పుడు భరించలేం. ముందు రెక్క కోసిన గాలి పోయి వెనక రెక్కకు తగిలిన ప్రతిసారీ ఒక దెబ్బ. కన్ను మూసి తెరిచేలోపల వందల దెబ్బలు. అన్నీ కలిసి ఒక్కటే కూత. ఆ కూతను విరగ్గొట్టే ఉపాయం ఒకటి వర్షిత దగ్గర ఉంది. అదేమిటో కంపెనీ బయట ఎవరికీ చెప్పకూడదు. తనను పెంచిన మేనమామ బాలకృష్ణకు కూడా చెప్పలేదు.

ఆ బాలకృష్ణ ఎవరంటే, వెనక వరస రెక్కలు బిగించే నడిమి చక్రాన్ని తన చేత్తో చేసిచ్చిన మనిషి. నారాయణపేటలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం కడుపు నింపని రోజుల్లో కొత్తకోట వచ్చి, హైవే పక్కన లేతు మిషను పెట్టుకున్నాడు. మొదట లారీల సామాను చేశాడు. పనితనం తెలిసి కంపెనీలే వెతుక్కుంటూ వచ్చాయి. కంపెనీల పని మొదలైన ఈ పదకొండేళ్లలో అతని షెడ్డు గడప దాటిన వస్తువు ఒక్కటి కూడా బాగాలేదని తిరిగి రాలేదు. ఆ మాట అతను నోటితో చెప్పుకోడు, నడకలోనే కనిపిస్తుంది.

ఇక స్విచ్చు నొక్కిద్దాం.

పరీక్ష కోసం చేసిన మనిషి ఎత్తు బొమ్మ ఇంజను అది. కరెంటు మోటారు మీద తిరుగుతుంది. కొత్తకోట బయట మైదానం చుట్టూ కర్రలకు మైకులు కట్టారు. ముందు గాలి లేచింది. ఎర్రమట్టి పొర లేచింది. తర్వాత కూత మొదలైంది చూడండి! సన్నగా, పొడుగ్గా, చెవిలో సూది పెట్టి తిప్పినట్టు. పక్క చేనులో వేరుశనగ పీకుతున్న ఆడవాళ్లు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకున్నారు. గుట్ట మీద మేకలు ఒక్కసారిగా తలలెత్తాయి.

భోజనాలు తెచ్చిన వ్యానుకు ఆనుకుని నిలబడ్డ బాలకృష్ణ నవ్వుకున్నాడు. చక్రం ఎంత నిమ్మళంగా తిరుగుతున్నదో అతని కంటికి తెలుస్తూనే ఉంది. ఇసుమంత వణుకు లేదు. చప్పుడు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు, తన చక్రం మాత్రం దేవుడి రథానికి పెట్టినా సరిపోతుంది అనుకున్నాడు.

డేరా కింద కంప్యూటరు ముందు కూర్చున్న దివాకర్ మాత్రం మోటారు ఆపించి, కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. అతను వర్షితకు పైఅధికారి. ఆమె ఉపాయం మీద మొదటి రోజు నుంచీ నమ్మకం లేనివాడు.

"చూశారా మేడమ్? ఆరు నెలలుగా నేను చెబుతున్నది ఇదే. తెర మీద తాటిచెట్టంత గీత లేచింది. ఇదివరకటి చక్రానికీ దీనికీ ఆవగింజంత తేడా లేదు."

ఆ మేడమ్ శ్రీలత. ఏ డిజైను ముందుకు పోవాలో, ఏది బీరువాలోకి పోవాలో తేల్చడానికి బెంగళూరు నుంచి వచ్చిన పెద్దావిడ. సాయంత్రం అయిదింటికి ఆమె కారు కదలాలి. కదిలేలోపు ఆమె కాగితం మీద ఏం రాస్తే అదే వర్షిత మూడేళ్ల కష్టానికి ఫలితం.

"వర్షితా, మీ ఆలోచన ఏంటో నాకు మొదటి నుంచి చెప్పండి" అంది శ్రీలత.

వర్షిత చక్రం వైపు చెయ్యి చూపింది. "రెక్కల నడుమ ఎడం ఒక్క తీరుగా ఉంటే దెబ్బలు ఒక్క తీరుగా పడతాయి మేడమ్. అందుకే అన్నీ కలిసి కూత అయితుంది. వెనక వరసల నేను ఎడాలు కావాలనే హెచ్చు తగ్గు పెట్టిన. ముప్పై మూడు డిగ్రీలు, ముప్పై ఎనిమిది, ముప్పై అయిదు, నలభై, ముప్పై నాలుగు. మళ్లీ అదే వరుస. దెబ్బలు ఒకదాన్ని ఒకటి అందుకోవద్దు, కూత విరిగిపోవాలె. లెక్క ప్రకారం అట్లనే రావాలె." ఆమె కంప్యూటరు వైపు చూసింది. "కానీ గిదేందో... అన్నీ సమానంగ ఉన్నట్టే కూస్తుంది."

బాలకృష్ణ ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

కావాలనే అంటున్నది. ఆ హెచ్చు తగ్గులు కావాలనే పెట్టానంటున్నది ఆ పిల్ల.

నెల కింద అతని షెడ్డుకు గీత కాగితం వచ్చింది. గీత ప్రకారమే చక్రం కోశాడు, బెజ్జాలు వేశాడు. చూసుకుందామని చెక్క రెక్కలు పది గుచ్చి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూశాడు. ఎట్లా ఉంది? అక్కడక్కడ పళ్లు ఊడిన నోరులా ఉంది. గళ్ల చీర నేసిన ఇంట్లో పుట్టినవాడు. ఒక గడి పెద్దగా, ఒక గడి చిన్నగా ఉంటే అతనికి తిండి సయించదు. అంతకుముందు వాళ్లకే చేసిచ్చిన నాలుగు చక్రాలకూ పది ఎడాలు, ముప్పై ఆరు ముప్పై ఆరు. అయ్యో, బిడ్డ లెక్క తప్పింది అనుకున్నాడు. దివాకర్ సారు కంట పడితే ఇంకేమైనా ఉందా అనుకున్నాడు. ఆ చక్రాన్ని పక్కన పడేసి ఇంకోటి కోశాడు. ముప్పై ఆరు ముప్పై ఆరు. డబ్బాలో పెట్టి పంపాడు. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడం అతనికి ఇంట్లో అబ్బింది. పదమూడేళ్లప్పుడు గుంట మగ్గంలో కూర్చుని మొదటి గళ్ల చీర నేస్తున్నాడు. గడికి ఇరవై నాలుగు పోగులు వేయాల్సింది, ఒక గడిలో ఇరవై ఆరు వేశాడు. పగలల్లా చూసుకోలేదు. పడుకునే ముందు చూసుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాడు. తెల్లారి లేచి చూస్తే గడి సరిగ్గా ఉంది. తల్లి నర్సింగమ్మ కోడికూతకు లేచి, పోగులు విప్పి మళ్లీ నేసింది. నూలిచ్చే సేటు మనిషి వచ్చి చీర చూసి, "పోరగాని చెయ్యి మంచిగున్నది" అన్నాడు. నర్సింగమ్మ ఏం మాట్లాడలేదు. బాలకృష్ణా మాట్లాడలేదు. ఆ వాడకట్టులో పెద్దవాళ్లంతా అంతే. పిల్లల తప్పును చాటుగా దిద్దుతారు, దిద్దామని చెప్పరు. చెబితే పిల్లల చెయ్యి వణుకుతుందని.

వర్షితకు అతను చేసింది అదే. కాకపోతే ఈసారి తప్పే లేదు. తప్పు లేనిచోట దిద్దాడు.

డేరాలో దివాకర్ పైకి చెబుతూ, శ్రీలత సంతకం కోసం కాగితం మీద రాస్తున్నాడు. "ఎడాలు మార్చే పద్ధతి పరీక్షించాం. ఫలితం లేదు. ఇంజనుకు మళ్లీ డొప్ప తొడిగే డిజైనుకు వెళ్లడమే మంచిది. ఇంధనం ఖర్చు పెరిగితే పెరుగుతుంది. అంతే కదా మేడమ్?"

శ్రీలత వర్షిత వైపు తిరిగింది. "మీరు చెప్పేదేమైనా ఉందా?" అని అడిగింది.

"లెక్క తప్పలేదు మేడమ్" అంది వర్షిత. "ఎక్కడ తప్పిందో నాకు తెలుస్తలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు తొమ్మిదేళ్ల పిల్ల గొంతులా వినబడింది బాలకృష్ణకు. ఆ వయసులో ఆమె షెడ్డులో నూనె డబ్బా మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఒకరోజు తల ఎత్తకుండానే, "మామా, నీ లేతు కత్తి మొద్దువారింది, చప్పుడు మారింది" అంది. చూస్తే నిజమే. ఆ సాయంత్రం వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాడు. నా మేనకోడలు చప్పుడును చూస్తది అని.

ఇప్పుడు నోరు మూసుకుంటే తన పేరు నిలుస్తుంది. పదకొండేళ్ల పేరు. విమానం పనిలో గీత ఒకటి, వస్తువు ఒకటి అయితే ఆ మనిషికి మళ్లీ పని ఇవ్వరని అతనికి తెలుసు. గాలిలో ఎగిరేదానికి ఎవరి ఇష్టం వాళ్లు చేస్తే ఎట్లా? తెలిసి తెలిసి నోరు తెరవాలా?

అంత ఆలోచన ఎప్పుడు చేశాడో, డేరా దాకా ఎప్పుడు నడిచాడో అతనికే తెలియదు.

"సారూ, జర ఆగుండ్రి. రాయకుండ్రి."

దివాకర్ కలం ఆగింది. "ఏమిటి బాలకృష్ణ గారూ? భోజనాలు తర్వాత."

"భోజనం గాదు సార్. ఆ చక్రం గీత తీర్గ లేదు."

"ఏం లేదు?"

"ఎడాలు. బిడ్డ పెట్టిన ఎడాలు దాంట్ల లేవు. నేనే అన్నీ సమానం జేసి పంపిన." అని వర్షిత వైపు తిరిగాడు. "లెక్క తప్పింది అనుకున్న బిడ్డా. నిన్ను ఎవరూ ఒక మాట అనొద్దని జేసిన."

దూరంగా హైవే మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

"ఎందుకు అడగలే మామా?" అంది వర్షిత మెల్లగా. "ఒక్క ఫోను. ఒక్క ఫోను జేస్తే అయిపోవు గదా!"

"అడిగితే నీ తప్పు నీకు సూపించినట్టైతది గద."

"తప్పు కాదు మామా అది! మూడేండ్లు నిద్ర లేకుంట ఆలోచించింది అదొక్కటే! నువ్వు దిద్దింది నా తప్పును కాదు. నా పనినే తీసేసినవ్!"

"గిప్పుడు దెలిసె బిడ్డా."

"గిప్పుడు తెలిస్తే ఏంది?"

బాలకృష్ణ తల దించలేదు. ఆ పిల్ల కోపాన్ని ముఖం మీదే తీసుకున్నాడు, ఎండను తీసుకున్నట్టు.

దివాకర్ కలం బల్ల మీద విసిరాడు. "ఇది ఆటబొమ్మల దుకాణం కాదండీ! మేనమామ అని పని ఇస్తే ఇలాగే ఉంటుంది. అసలు కొలిచి చూసి దింపుకున్నది ఎవరు?"

"నేనే సార్" అంది వర్షిత. కోపం ఆమె ముఖంలోంచి ఎటో పోయింది. "బరువు చూసిన, మందం చూసిన. ఎడాలు కొలవలే. మామ జేసిండు గదా అని కొలవకుండనే సంతకం పెట్టిన."

మేనమామా మేనకోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకే జబ్బు అని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

శ్రీలత కళ్లజోడు తీసి తుడుచుకుంది. "బాలకృష్ణ గారూ, గీత ప్రకారం అసలు చక్రమే చేయలేదా?"

"మొదట జేసిన మేడమ్. ఇంట్లనే ఉన్నది."

"ఎంత దూరం?"

"ఆటోల ఇరవై నిమిషాలు."

"ఇప్పుడు రెండు దాటింది. తెప్పించండి."

ఫోను కలిపాడు. తొందరలో వేలు ఎక్కడ తగిలిందో ఏమో, నర్సింగమ్మ గొంతు డేరా అంతా మోగింది.

"ఏంరా బాలకిష్టా, అన్నం దిన్నవా?"

"అమ్మా, మూలకు పడేసిన అల్మినియం చక్రం ఉన్నది సూడు. అది కావాలె."

"అది యాడిదిరా ఖాళీగ? దాని మీద బిందె బెట్టిన. నీళ్ల బిందె. నెల దినాలసంది మంచిగ కూసున్నది."

శ్రీలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దివాకర్ ఆకాశం వైపు చూశాడు.

"బిందె దించి పట్టుకొని రా అమ్మా. జల్ది. వర్షిత పనే అది."

"గట్ల జెప్పు ముందు!" ఫోను పెట్టేసిన చప్పుడు.

ఇరవై నిమిషాలు అన్నది ఇరవై అయిదు అయింది. ఆటో దిగిన నర్సింగమ్మ చేతుల్లో, పాత గళ్ల చీరలో చుట్టిన చక్రం, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎవరికీ ఇవ్వకుండా తానే డేరా దాకా మోసుకొచ్చింది.

"ఇంద బిడ్డా. తుడిసే తెచ్చిన." వర్షిత చేతిలో పెట్టి, దివాకర్‌ను కిందికీ పైకీ చూసింది. "ఈయనేనా నీ సారు? తిండి సరిగ దింటడా? మొహం గట్ల మాడ్చుకున్నడేంది?"

"అవ్వా, జర ఆగు" అంది వర్షిత, ఆ రోజు మొదటిసారి నవ్వు ఆపుకుంటూ.

చీర విప్పితే చక్రం మీద బిందె అడుగు మరక గుండ్రంగా ఉంది. వర్షిత బిగించబోతే దివాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు కొలవాలి. ఈసారి నేను కొలుస్తాను."

కొలిచే సాధనం తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఒక్కొక్క ఎడం కొలుస్తూ పైకి చదివాడు. ముప్పై మూడు. ముప్పై ఎనిమిది. ముప్పై అయిదు. నలభై. ముప్పై నాలుగు. మళ్లీ మొదటి నుంచి అదే వరుస. చదివే కొద్దీ అతని గొంతులో ఎకసెక్కం తగ్గుతూ వచ్చింది. పదో ఎడం దగ్గర ఆగి, మళ్లీ ఒకసారి కొలిచి, సాధనం కింద పెట్టాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. "బిందె మోసిన చక్రం ఇది!"

బాలకృష్ణ బల్ల దగ్గరకు వచ్చాడు. అతనికి ఒక అనుమానం నెల నుంచి మిగిలి ఉంది, అది అడిగాడు. "గిన్ని హెచ్చు తగ్గులుంటే ఒక దిక్కు బరువు లాగదా బిడ్డా? వణకదా?"

"లాగదు మామా. ఏ రెక్క చూడు, దాని ఎదుటి రెక్క సరిగ్గ ఎదురుంగనే ఉన్నది. ఈ సగంల ఎట్లున్నదో ఆ సగంల గట్లనే."

అతను వంగి చూశాడు. వేలితో ఒక రెక్క బెజ్జం నుంచి ఎదుటి బెజ్జానికి గాలిలో గీత గీశాడు. ఇంకోటి. ఇంకోటి. అయ్యో, నిజమే. చీరకు ఈ అంచు ఎట్లా పెడతారో ఆ అంచు అట్లాగే పెడతారు కదా! నెల కింద పళ్లూడిన నోరులా కనిపించిందే, అది ఇప్పుడు బుటాలు ఎడంగా పోసిన కొంగులా కనిపించింది.

"మంచిగ అల్లినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాట అతని నోట తేలికగా వచ్చేది కాదు.

నాలుగుంబావుకు మోటారు తిప్పారు. గాలి లేచింది. ఎర్రమట్టి లేచింది. అందరూ కూత కోసం భుజాలు బిగించుకుని నిలబడ్డారు. కూత రాలేదు.

చప్పుడు ఉంది. లేదనను. గట్టిగానే ఉంది. కానీ దానికి సూదిమొన పోయింది. పెద్ద వాన దూరం నుంచి వచ్చినట్టు, గుమ్మని. బాలకృష్ణ కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు వాడకట్టులో నలభై మగ్గాలు ఆడేవి. దేని అడుగు దానిదే, దేని దెబ్బ దానిదే. అన్నీ కలిస్తే చెవికి నొప్పి ఉండేది కాదు, నిద్ర వచ్చేది. ఇదీ అట్లాగే ఉంది.

కంప్యూటరులో తాటిచెట్టు గీత విరిగి, వేరుశనగ కుప్పల్లా చిన్న చిన్న గీతలు అయింది. "మొత్తం చప్పుడు కొంచెమే తగ్గింది" అన్నాడు దివాకర్, ఉన్నమాట చెప్పాలి కాబట్టి. "కానీ ఆ కూత మాత్రం లేదు."

శ్రీలత డేరా దిగి చేను గట్టు దాకా నడిచింది. వేరుశనగ పీకే ఆమెను అడిగింది. "అమ్మా, మధ్యాహ్నానికీ ఇప్పటికీ చప్పుడులో తేడా ఉందా?"

"లేకేంది! ఇంతకుముందు చెవుల సూది గుచ్చినట్టుండె. మా ఆండాలైతే పని ఇడిసి పోత అన్నది. గిదేమో వడ్ల మిల్లు లెక్కున్నది. ఉంటే ఉండనీ తియ్" అంది ఆమె, చెట్టు దులుపుతూ.

శ్రీలత తిరిగి వచ్చి, దివాకర్ రాసిన కాగితాన్ని మధ్యకు చింపి ముక్కలు సంచిలో వేసుకుంది. కొత్తది తీసుకుని తానే రాసింది. ఎడాల డిజైను ముందుకు పోతుంది, గీసింది వర్షిత. పేరు పైకే చదివింది, అందరూ వినేటట్టు.

నర్సింగమ్మకు చదువు రాదు. అయినా ఆ కాగితం అడిగి తీసుకుని, మనవరాలి పేరు ఎక్కడుందో చూపించుకుని, దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. "నలభయ్యేండ్లు నేసిన. ఒక్క చీర మీద నా పేరు లేదు" అంది. ఏడవలేదు. నిటారుగా నిలబడి అంది.

అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది!

కారు తలుపు దగ్గర శ్రీలత ఆగింది. ఇష్టం లేని పని చేయాల్సి వచ్చినట్టు ఉంది ఆమె ముఖం. "బాలకృష్ణ గారూ, మీరు నోరు విప్పకపోతే ఈ డిజైను ఈ రోజుతో పోయేది. అది నేను మరిచిపోను. కానీ గీత మార్చి, చెప్పకుండా పంపారు. అది కూడా నేను మరిచిపోకూడదు. రేపు ఇది మనుషులను మోసుకుని ఎగరాలి."

"ఎరికే మేడమ్."

దివాకర్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. సామాను చేసిచ్చేవాళ్ల జాబితా నుంచి బాలకృష్ణ పేరు తీసేసే కాగితం. అతని గొంతులో ఈసారి ఎకసెక్కం లేదు. "నియమం ఇది. ఈ పనికి బాధ్యురాలు వర్షిత. కారణం రాసి, సంతకం ఆమే పెట్టాలి."

వర్షిత కాగితం వైపు చూసింది, మామ వైపు చూసింది. కలం అందుకోలేదు.

బాలకృష్ణే కలం తీసి, మూత విప్పి, ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. చిన్నప్పుడు బలపం పట్టించినట్టే పట్టించాడు. "పెట్టు బిడ్డా. నేను జేసింది తప్పే. ఈసారి చాటుగ దిద్దొద్దు. అందరి ముంగట దిద్దు."

నర్సింగమ్మ చక్రం చుట్టి తెచ్చిన చీరను మడతపెట్టసాగింది.

వర్షిత వంగింది. కలం కాగితానికి తగిలింది. కదలడం మొదలైంది. బాలకృష్ణ తన షెడ్డు ఉన్న దిక్కుకు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సంతకం అయ్యేదాకా చూడొద్దనుకున్నాడు.

కలం ఇంకా కదులుతూనే ఉంది. ఒక వరుస నిండింది. రెండో వరుసా నిండింది. దివాకర్ ముందుకు వంగి చదివి, "వర్షితా, ఆగు! ఏం రాస్తున్నావో తెలుసా?" అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు, రాస్తూనే ఉంది. బాలకృష్ణ ఇటు తిరిగాడు. కాగితంలో తన పేరు ఉండాల్సిన గడిలో, మేనకోడలి చేతిరాతతో, ఇంకెవరి పేరో ఉంది. ఆ పేరు ఎవరిదో వచ్చే వారం చెప్పుకుందాం.